పట్టిసం తిన్నె మీద రెండు గంటలు

లాంచీ ముక్కు ఇసుకలో దిగబడి ఆగుతుంది. కాళ్ళ కింద చిన్న కుదుపు. ఇంజను దడదడ ఆగగానే చెవుల్లోకి ఒక్కసారిగా గాలి, నీళ్ళ గలగల, కొండ మీద గుడిగంట. లాంచీ కుర్రాడు చెక్కపలక వాలుస్తాడు. మీరు అమ్మ చెయ్యి పట్టుకుని దింపుతారు. తర్వాత పిల్లాడు. వాడు పలక మీద నడవడు, ఒక్క గెంతు గెంతుతాడు. ఇసుక పైన వెచ్చగా ఉంది, వేళ్ళు కాస్త లోపలికి దిగితే చల్లగా తగులుతోంది.

"పన్నెండింటికి హారన్ కొడతానండి. స్నానాలూ దర్శనం కానిచ్చుకుని వచ్చెయ్యండి. తప్పిపోతే మళ్ళీ రెండున్నరకేనండి ట్రిప్పు," సరంగు చుక్కాని దగ్గర నుంచి కేకేస్తాడు.

మీ వాచీలో పది. రెండు గంటలుంది. అందులో అమ్మ మూడు మునకలు వెయ్యాలి, తడిబట్టలతోనే మెట్లెక్కి వీరభద్రస్వామిని చూడాలి. పిల్లాడి సరదా తీరాలి. స్నానానికి ఎక్కడ దిగాలో మీరిప్పుడే తేల్చుకోవాలి.

పిల్లాడి సరదా వాడి మెడలోనే వేలాడుతోంది. ముక్కు, కళ్ళు కప్పే పెద్ద అద్దం, దానికి పక్కన వంకీ తిరిగిన గొట్టం. స్నార్కెల్. డాలస్‌లో ఉండే మీ తమ్ముడు కిందటేడు ఓడెక్కి కరేబియన్ దీవులు తిరిగొచ్చాడు. మెక్సికో పక్కన కోజుమెల్ అనే దీవి దగ్గర ఓడ ఆగినప్పుడు కొన్న సామాను ఇది. గొట్టం నోట్లో పెట్టుకుని బోర్లా తేలితే తల ఎత్తకుండా ఊపిరి పీల్చుకుంటూ నీళ్ళ అడుగు చూడొచ్చు. రాత్రి కొవ్వూరులో పిల్లాడు దీన్ని పెట్టుకునే పడుకున్నాడు. గోదావరి లోపల ఏముంటుందో వాడికి చూడాలనుంది.

"అక్కడైతే చోటు వెతకడం సులువన్నయ్యా," పక్కనే నిలబడ్డ తమ్ముడంటాడు. "అడుగు కనపడాలి, నీళ్ళు కదలకూడదు. అలాంటి చోట దిగిపోవడమే."

సరే, అలాంటి చోటే వెతుకుదాం అనుకుంటారు మీరు.

ఒంటి మీద లైఫ్ జాకెట్ చెమటకి అంటుకుపోతోంది. దిగినవాళ్ళంతా విప్పి లాంచీలోకి విసిరేస్తున్నారు. మీరూ మీది విప్పి విసిరేస్తారు. పిల్లాడి జాకెట్ బొత్తాం మీద చెయ్యి వెయ్యగానే సరంగు గొంతు వినపడుతుంది.

"పిల్లోడికి ఉంచండి బాబుగారూ. ఇసక మీదే కదా అని తీసెయ్యకండి."

గొంతులో బతిమాలడం లేదు, బెదిరింపూ లేదు. ఆ నారింజరంగు గుడ్డ చూస్తుంటే మీకు ఎగువన కచ్చులూరు గుర్తొస్తుంది. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. వరద గోదావరిలో పాపికొండలకి వెళ్తున్న పర్యాటక బోటు మునిగింది. అందులో 77 మంది. ఒడ్డున ఉన్న గిరిజనులు పడవలేసుకుని వచ్చి చేతికందినవాళ్ళని లాగారు. బతికి బయటపడింది 26 మంది. పిల్లాడి బొత్తాం మీద నుంచి మీ చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. మీ జాకెట్ మాత్రం లాంచీ అడుగున కుప్పలోనే ఉండిపోతుంది.

"ఇంకో మాటండి," సరంగు చుక్కాని వదిలి అంచు దాకా వస్తాడు. "కాళ్ళ కింద ఇసక జారితే ఎదురీదకండి. ఎనక్కి ఎల్లకిలా పడిపోండి. కాళ్ళు దిగువకి పెట్టి, గోదారి ఎటు తీసుకెళ్తే అటు పోతా, ఓ చేత్తో గట్టుకేసి కోసుకు రండి. ఆ కొసకి మాత్రం ఎళ్ళకండి. ఈ ఏటి వరదకి కొత్తగా పడ్డ మేటది. పోయినేడు అక్కడే మేం లాంచీ తిప్పేవోళ్ళం."

"అలాగే," అంటారు మీరు. మాట చెవిలో పడుతుంది. లోపలికి మాత్రం దిగదు.

చుట్టూ చూస్తారు. మీరు గోదావరి నడిమధ్యలో ఉన్నారు. వెనక పట్టిసం ఊరు, రేవు. అవతలి గట్టున పురుషోత్తపట్నం. ఎగువన కొండల వరస ఇంకా మంచు వదలక నీలంగా ఉంది. పోలవరం స్పిల్‌వే, దాని 48 గేట్లు అటే, కొద్ది కిలోమీటర్లలో. ఎదురుగా నల్లరాతి గుట్ట, దేవకూటాద్రి. దక్షయజ్ఞం ధ్వంసం చేసి, దక్షుడి తల నరికిన పట్టిసాన్ని వీరభద్రుడు ఈ నీళ్ళలోనే కడిగాడంటారు. ఊరికి పేరు ఆ ఆయుధం నుంచి వచ్చింది. గుట్ట మొదలు నుంచి దిగువకి తెల్లటి ఇసుక తిన్నె, పోను పోను సన్నబడి తోకలా నీళ్ళలో కలిసిపోతోంది.

అమ్మ గొడుగు వేసుకుని ఇసుకలో కూర్చుంటుంది. "మీరు చోటు చూసి రండిరా. నేనెక్కడ మునిగినా గోదావరే."

ముందు ఎగువకి నడుస్తారు, గుట్ట రాళ్ళ వైపు. తమ్ముడు దారిలో పడున్న వెదురు ఒకటి చేతిలోకి తీసుకుంటాడు. వరదకి కొట్టుకొచ్చి ఎండిన బొంగు, రెండు నిలువుల పొడుగుంటుంది. రాళ్ళ మలుపు తిరగగానే ముగ్గురూ ఆగిపోతారు.

అద్దంలాంటి నీళ్ళు. ఆకుపచ్చగా ఉన్నాయి, ఒక్క మడత లేదు. రాయి నీడలో చేదుపరిగెలు గుంపుగా తిరుగుతున్నాయి, తిరిగినప్పుడల్లా పొట్టలు తళుక్కుమంటున్నాయి. మనిషన్నవాడు లేడు. కోజుమెల్‌లో వెతికే చోటు అచ్చం ఇలాగే ఉంటుందని తమ్ముడి మొహం చెప్తోంది.

"బాబాయ్, ఇక్కడే!" పిల్లాడు అద్దం మొహానికి లాక్కుంటున్నాడు.

ఇంత బాగున్న చోట ఒక్కరూ దిగలేదేం? ఆ ప్రశ్న మీ కాళ్ళకి అడ్డం పడుతుంది. తమ్ముడి చేతిలో వెదురు తీసుకుని రాతి పక్కనే నిలువుగా దింపుతారు. సగం దిగుతుంది. ముప్పాతిక దిగుతుంది. మీ పిడికిలి నీళ్ళని తాకుతుంది. కొసకి ఏమీ తగలదు. వదిలితే బొంగు పైకి తన్నుకొస్తుంది.

చేపలు తిరుగుతున్నది పైపొర. కింద అంతా మడుగే. వరదలో గోదావరి ఈ గుట్టని గుద్దుకుని ముందుకి పోలేక కిందికి దిగుతుంది, రాతి మొదట్లో ఇసుకంతా తవ్వుకుపోతుంది. రాజమండ్రి వంతెన స్తంభాల మొదట్లోనూ ఇదే పని చేస్తుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు తాకింది. ఆ నీరంతా ఈ రాళ్ళని ఒరుసుకునే కిందికి పోయింది. వరద తీసేసరికి గొయ్యి మిగులుతుంది. దాంట్లో నీరు కదలదు, మట్టి అడుక్కి దిగిపోతుంది, పైకి పచ్చగా మెరుస్తుంది. ఇసుక ర్యాంపుల దగ్గర యంత్రాలు తోడిన గోతుల్లో నీళ్ళూ ఇలాగే మెరుస్తాయి. గోదావరిలో పచ్చగా, నిశ్చలంగా, ఎవరూ లేకుండా కనపడే చోటుని మొదట అనుమానించాల్సిందే. సముద్రపు దీవి లెక్క ఇక్కడ తిరగబడుతుంది.

"వద్దు," అంటారు మీరు. పిల్లాడి మొహం ముడుచుకుపోతుంది.

వెనక్కి వస్తారు. లాంచీ రేవు పక్క జనం బాగానే ఉన్నారు గానీ నీళ్ళ మీద డీజిల్ రంగులు తేలుతున్నాయి. ఇంకో లాంచీ వెనక్కి తిరుగుతుంటే దాని ఫ్యాను ఇసుకని పైకి చిమ్ముతోంది. ఇక్కడ అసలు వద్దు.

తిన్నెకి అవతలి పక్క, పురుషోత్తపట్నం వైపు, సన్నటి పాయ ఒకటి పోతోంది. నీళ్ళలో వెదురు కర్రలు పాతి తాడు కట్టారు. ఆడవాళ్ళు మొలలోతులో నిలబడి మునకలు వేస్తున్నారు. ఎవరో దీపం వదిలారు, ఆకుదొన్నె నిదానంగా పోయి నాలుగు బారల అవతల ఇసుకకే తగులుకుంది. బంతిపూలు తేలుతున్నాయి. కాళ్ళతో రేపిన ఇసుకకి నీళ్ళు టీ రంగుకి తిరిగాయి.

"ఇందులో ఏం కనపడుతుంది నాన్నా?" పిల్లాడు నీరసంగా అడుగుతాడు.

నిజమే, ఇందులో అద్దం పెట్టుకున్నా లేకపోయినా ఒకటే. ఆకుదొన్నె ఎక్కడికి పోయి ఆగిందో మీరు చూశారు. చూసి, పట్టించుకోకుండా దాటేశారు.

ఇక మిగిలింది తిన్నె తోక. కొస.

దూరం నుంచే నీళ్ళు తేటగా కనపడుతున్నాయి. అడుగున ఇసుక అలలు అలలుగా ఉంది, ఎండ దాని మీద వల పరిచినట్టు ఆడుతోంది. పడమటి పాయ, తూర్పు పాయ రెండూ ఆ తోక దగ్గర కలుస్తున్నాయి. కాస్త దిగువగా చిన్న నావ లంగరేసుకుని ఉంది, అందులో ఒకాయన వల చిక్కు తీసుకుంటున్నాడు. మిమ్మల్ని చూసి చెయ్యి ఎత్తి ఊపుతాడు. పిల్లాడూ ఊపుతాడు. మీరూ ఊపుతారు.

"కొసకి వెళ్ళొద్దన్నాడు కదా?" మీరే అంటారు.

"మోకాలు దాటొద్దు. అంతే కదా," తమ్ముడంటాడు.

మీరు దిగువకి చూస్తారు. నది కుడివైపు వంపు తిరిగే చోట గాలిలో తేమ తెరలా వేలాడుతోంది. ఆ పక్కనే గూటాల, అది దాటితే తాడిపూడి. 2025 ఫిబ్రవరి 26, మహాశివరాత్రి. తాడిపూడి దగ్గర గోదావరి స్నానానికి దిగినవాళ్ళలో ఐదుగురు యువకులు మళ్ళీ పైకి రాలేదు. ఇలాంటి ఫిబ్రవరే, ఇలాంటి ఎండే. మూడు నెలలు తిరిగాయి. మే 26న కోనసీమలో, ముమ్మిడివరం మండలం కమిని దగ్గర, గౌతమి పాయలో ఎనిమిది మంది. ఇవన్నీ పేపర్లో మీరు చదివినవే. ఆ ఫొటోల్లో తడిసిన ఇసుక మీద చెప్పుల జతలు వరసగా ఉన్నాయని గుర్తు. మీరు మీ చెప్పులు విప్పి ఇసుక మీద పెడతారు.

మోకాలి లోతే కదా.

మొదటి అడుగు. నీళ్ళు ఎముకలోకి దిగేంత చల్లగా ఉన్నాయి. రెండో అడుగు, మూడో అడుగు. పాదం కింద ఇసుక మడతలు గట్టిగా, గరుగ్గా తగులుతున్నాయి. పది అడుగులు వేసినా మోకాలి కిందే. వెదురుతో ముందు పొడుచుకుంటూ వెళ్తున్నారు. నీళ్ళు మోకాలి చిప్ప తాకగానే బొంగుని లోతుగా గుచ్చి నిలబెడతారు.

"ఇదే హద్దు. ఇది దాటకూడదు."

"సరే నాన్నా." గొట్టం నోట్లో ఉండగా ఆ మాట గుడగుడమని వస్తుంది.

వాడు బోర్లా తేలతాడు. జాకెట్ వాడి వీపుని పైకి ఎత్తి పట్టుకుంది, మొహం మాత్రం నీళ్ళలో. ఒక్క క్షణంలో చెయ్యి పైకెత్తి వేలు చూపిస్తాడు. ఏదో కనపడింది. ఇసుక దొందు అయ్యుంటుంది, ఇసుక రంగులోనే ఉండి కదిలితే తప్ప తెలియని చేప. మళ్ళీ వేలు. ఆల్చిప్ప. వాడి కాళ్ళు సంతోషంతో టపటపా కొట్టుకుంటున్నాయి. తమ్ముడు గట్టు మీద నుంచి ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

మీకు హాయిగా ఉంది. ఎండ వీపు మీద పడుతోంది. నీళ్ళు పిక్కల్ని మెల్లగా తోస్తున్నాయి.

మెల్లగానా? ఇందాకటి కంటే కాస్త గట్టిగా.

కిందికి చూస్తారు. మీ పాదాల చుట్టూ ఇసుక కదులుతోంది. మడమల వెనక చిన్న గుంట పడింది, అందులోకి మీరు ఒక అంగుళం దిగారు. నీరు మోకాలి చిప్ప దాటి పైకి వచ్చింది. వానల్లేని రోజుల్లో నీరెందుకు పెరుగుతుంది? ఎక్కడో ఎగువన, సీలేరు కరెంటు కోసం వదిలిన నీళ్ళు శబరిలోకి, కూనవరం దగ్గర గోదావరిలోకి దిగుతాయి. ధవళేశ్వరం కింద దాళ్వా వరికి ఆ నీళ్ళూ కావాలి. ఆకాశం చూసి ఈ నది లోతు చెప్పలేం. ఇప్పుడు నీరు పెరిగిందో, మీరే దిగబడ్డారో కూడా చెప్పలేరు.

తల ఎత్తుతారు.

వెదురు మీ పక్కనే ఉంది. పిల్లాడు దానికి అవతల ఉన్నాడు. నాలుగు బారల అవతల.

వాడు ఈదడం లేదు. ఊరికే చూస్తున్నాడు. మొహం కిందికి పెట్టి, చేతులు చాపి, ఇసుకనే చూసుకుంటూ. నీళ్ళు వాణ్ణి తీసుకెళ్తున్నాయి. వాడికి తెలియదు. తేలేవాడికి తను కదులుతున్నట్టు ఉండదు, కింద ఇసుక కదులుతున్నట్టు ఉంటుంది.

"ఒరేయ్!"

వినపడదు. వాడి చెవులు నీళ్ళలో ఉన్నాయి.

"ఒరేయ్, ఆగు!"

వాడి ముందు నీటి రంగు మారుతోంది. ఇటు ఇసుక రంగు. అటు నలుపు. మధ్యలో గీత గీసినట్టు ఉంది. రెండు పాయలూ కలిసేది అక్కడే. నురుగు సన్నటి తాడులా ఆ గీత వెంట పోతోంది.

ఏం చేస్తారు? పరుగెత్తి పట్టుకోవాలా? గట్టెక్కి సరంగుని పిలవాలా? లాంచీ మూడు వందల అడుగుల అవతల ఉంది. తమ్ముడు ఫోన్ వదిలేసి నిలబడిపోయాడు. ఆలోచించే టైము లేదు. మీ కాళ్ళు అప్పటికే కదిలాయి.

ఒక అడుగు. తొడ దాకా.

అడుగు దగ్గరగానే కనపడుతోంది. నీళ్ళు అబద్ధం చెప్తాయి. నాలుగడుగుల లోతు పైనుంచి చూస్తే మూడడుగుల్లా కనపడుతుంది. మీరు మొలలోతు అనుకుని వేసిన అడుగు రొమ్ముదాకా దిగుతుంది. తోపు పెరుగుతోంది. నీటి వడి రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. ఇందాక పిక్కల్ని నిమిరిన నీరు ఇప్పుడు భుజంతో నెడుతోంది.

ఇంకో అడుగు.

అడుగు లేదు.

ఇసుక ఉంది, కానీ నిలబడటం లేదు. కాలు మోపిన చోటల్లా జారిపోతోంది. చక్కెర బస్తా చిరిగినట్టు. కొత్త మేట అంటే ఇదే. గట్టిపడని ఇసుక. వాలు అంచు. మీరు అంచు మీద ఉన్నారు. అంచు మీతోపాటే కిందికి పోతోంది.

చల్లగా. చీకటిగా. చెవుల్లో బొయ్యిమని మోత.

నోట్లో నీళ్ళు. పైకి. ఊపిరి. మళ్ళీ కిందికి.

గట్టు వెనక ఉంది. అటే తిరుగుతారు. చేతులు కొడతారు. రెండు బారలు. మూడు. తల ఎత్తి చూస్తారు. గట్టు ఇంకా దూరమైంది.

తమ్ముడు నీళ్ళలోకి దిగుతున్నాడు.

"దిగకు!" గొంతు వచ్చిందో లేదో తెలియదు. వాడూ దిగితే అమ్మ ఒక్కతే గొడుగు కింద. ఒకరి కోసం ఒకరు దిగితే లెక్క పెరుగుతుందే గానీ ఎవరూ బయటికి రారు. "దిగకు రా!"

భుజాలు మండుతున్నాయి. చేతులు బరువెక్కుతున్నాయి. సముద్రపు ఉప్పునీరైతే కాస్త ఎక్కువ మోస్తుంది. ఇది మంచినీరు. అంత మొయ్యదు.

ఎదురీదకండి.

ఎవరిదా గొంతు? చుక్కాని దగ్గర నుంచి వచ్చిన గొంతు.

ఎల్లకిలా పడిపోండి.

ఒళ్ళంతా వద్దంటోంది. వెనక్కి వాలడమంటే వదిలెయ్యడమే అనిపిస్తోంది. అయినా వాలతారు. తల వెనక్కి. చెవులు నీళ్ళలోకి. కడుపు పైకి. కాళ్ళు దిగువకి.

ఆకాశం.

ఊపిరి. ఇంకో ఊపిరి.

మీరు తేలుతున్నారు. గోదావరి తీసుకుపోతోంది. వేగంగా. గుట్ట వెనక్కి జారిపోతోంది. గుడి గోపురం ఓ పక్కకి ఒరిగి కనపడుతోంది. ఎడమ చెయ్యి ఆడిస్తారు. తూర్పుకేసి. ఒకసారి. ఇంకోసారి. కొడవలితో గడ్డి కోసినట్టు, అడ్డంగా. నారింజరంగు ఎక్కడ? తల కదపకూడదు. కదిపితే మునుగుతారు. నారింజరంగు ఎక్కడ?

చెయ్యి. చెయ్యి. చెయ్యి.

మడమకి ఏదో తగులుతుంది.

ఇసుక.

మళ్ళీ తగులుతుంది. ఒరుసుకుంటుంది. వీపు కూడా. మీరు ఆగిపోతారు. దిగువన ఇంకో మేట ఉంది, నీళ్ళ కింద జానెడు లోతులో, ఒడ్డు నుంచి చూస్తే నీళ్ళు అక్కడ సన్నగా మరుగుతున్నట్టు మాత్రమే కనపడుతుంది. బోర్లా తిరిగి మోచేతుల మీద పాకుతారు. నీళ్ళు దగ్గుతారు. మోకాళ్ళ మీద లేచి చూస్తారు.

నావ. వల ఆయన. ఒక చేత్తో తెడ్డు, ఒక చేత్తో నారింజరంగు జాకెట్ కాలరు. పిల్లాడు నావ అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. నోట్లో గొట్టం ఇంకా అలాగే ఉంది.

చాలాసేపు మీకు మాట రాదు. ఇదంతా ఎంతసేపు జరిగిందో తర్వాత తమ్ముడి ఫోన్ చెప్తుంది. ఇసుకలో పడ్డా అది తీస్తూనే ఉంది. మీ తల మొదటిసారి మునగడానికీ, మీరు మేట మీద మోకాళ్ళ మీద లేవడానికీ మధ్య రెండు నిమిషాలు కూడా లేదు. ఆ వీడియోలో, మునిగాక మీ కేక ఒక్కటీ వినపడదు. మునిగేవాడు అరుస్తాడనుకుంటాం. ఊపిరి పీల్చుకోవడానికే వీలుండదు, ఇంక అరిచేదెక్కడ? గట్టు మీద ఉన్నవాళ్ళు చెవులు నమ్ముకుంటే లాభం లేదు, కళ్ళు తిప్పకుండా ఉండాలి.

వల ఆయన మిమ్మల్నీ ఎక్కించుకుని తిన్నె పక్కకి తెడ్డు వేస్తాడు. ఎండకి నల్లబడ్డ మొహం, నెరిసిన గడ్డం. కోపం అణుచుకుంటున్నాడని దవడ చెప్తోంది.

"చెయ్యూపితే టాటా అనుకున్నారేటండీ? రావొద్దనండి. నేను చెప్తానే ఉన్నాను, మీరు తిరిగి ఊపుతున్నారు."

మీరు తల దించుకుంటారు. ఆ చెయ్యి ఎలా ఊగిందో ఇప్పుడు కళ్ళకి కడుతోంది. అరచెయ్యి బయటికి పెట్టి, అడ్డంగా.

"ఏడాదికో రూపమండి గోదారిది," కాసేపటికి ఆయన గొంతు మెత్తబడుతుంది. "చిన్నప్పట్నుంచీ ఇందులోనే ఉన్నాను. వరద తీసిన ప్రతిసారీ నేనూ గెడేసి చూసుకునే దిగుతాను. దిగే చోటు అందరూ చూత్తారండి. కాలు జారితే ఎక్కడికి పోయి తగుల్తామో, ముందు అది చూసుకోవాలి."

ఆకుదొన్నె మీ కళ్ళ ముందు తిరుగుతుంది. నాలుగు బారలు పోయి ఇసుకకి తగులుకున్న దీపం.

తమ్ముడు తిన్నె వెంట పరుగెత్తుకొస్తున్నాడు. మొలదాకా తడిసి ఉన్నాడు. నీళ్ళలోకి దిగి, మీ నోరు కదలడం చూసి ఆగిపోయాడట. మాట్లాడడు. పిల్లాణ్ణి ఎత్తుకుని మొహం వాడి జాకెట్‌లో దాచుకుంటాడు.

"నాన్నా, ఎందుకందరూ ఏడుస్తున్నారు?" వాడికింకా తెలియదు.

పదకొండుంబావు. ఇక గుడికి వెళ్ళిపోదామని తమ్ముడంటాడు. మీకూ కాళ్ళు వణుకుతున్నాయి. కానీ పిల్లాడు ఈ రోజుని భయంగా గుర్తుపెట్టుకోవడం మీకిష్టం లేదు. మీరు లాంచీ దాకా నడిచి, జాకెట్ల కుప్పలోంచి ఒకటి తీసి వేసుకుంటారు. ముందు సరంగు దగ్గర నిలబడతారు. ఏమీ అడక్కముందే ఆయన మీ తడిబట్టలు చూస్తాడు, కొస వైపు చూస్తాడు, గెడ తీసుకుని కిందికి దిగుతాడు.

"రండి, చూపిత్తాను."

వెదురు కర్రలు, తాడు కట్టిన పాయ దగ్గరికే తీసుకెళ్తాడు. అయితే ఆడవాళ్ళు మునుగుతున్న చోట ఆగడు, దానికి ఎగువగా ముప్పై అడుగులు నడుస్తాడు. ఇసుక రేగి టీ రంగుకి తిరిగేది వాళ్ళ కాళ్ళ దగ్గర నుంచి దిగువకి. ఎగువన ఎవరూ తొక్కలేదు, నీళ్ళు తేటగానే ఉన్నాయి. ఇంత చిన్న సంగతి మీ ముగ్గురికీ తట్టలేదు. ఆయన గెడ వేసుకుంటూ అడ్డంగా పాయ అవతల దాకా వెళ్ళొస్తాడు. ఎక్కడా తొడ దాటలేదు. తర్వాత గెడని ఇసుకలో గట్టిగా కుమ్ముతాడు. అది దిగదు, టక్‌మని ఆగుతుంది.

"ఇది పాత ఇసకండి. గట్టిపడిపోయింది. ఇక్కడ జారినా పోయి ఆళ్ళ కాళ్ళకే తగుల్తారు."

అమ్మ వస్తుంది. జరిగింది ఆమెకి ఎవరూ చెప్పలేదు. మీ మొహం చూసి అడగలేదు కూడా. చీర కుచ్చిళ్ళు దోపుకుని మొలలోతుకి దిగి, ముక్కు మూసుకుని మూడు మునకలు వేస్తుంది. మూడోసారి పైకి లేచి, దోసిట్లో నీళ్ళు తీసుకుని మీ తల మీద పోస్తుంది. పిల్లాడి తల మీదా. తమ్ముడి తల మీదా. ఆ దోసిలి మూడుసార్లూ వణుకుతుంది.

పిల్లాడు అద్దం సర్దుకుంటాడు. ఈసారి వాడి జాకెట్ వెనక పట్టీ మీ పిడికిట్లో ఉంది. తమ్ముడు పది అడుగుల దిగువన నీళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు. వాడు బోర్లా తేలతాడు. గొట్టంలోంచి ఊపిరి బుసబుస వినపడుతోంది, ఒకటి, రెండు, మూడు. ఆ చప్పుడు ఆగకుండా వింటూ ఉంటారు మీరు.

చాలాసేపటికి తల ఎత్తి గొట్టం తీస్తాడు. నుదుటి మీద అద్దం అచ్చు ఎర్రగా పడింది.

"నాన్నా, ఇసుక నడుస్తోంది."

"ఏంటీ?"

"అడుగున. ఒక్కో రేణువూ మడత పైకెక్కి అవతలికి దొర్లిపోతోంది. మళ్ళీ ఇంకోటి. అన్నీ అటే వెళ్తున్నాయి." దిగువకి వేలు చూపిస్తాడు. "ఇందాక అక్కడైతే పరుగెడుతున్నాయి."

మీరు అద్దం అడిగి తీసుకుంటారు. పట్టీ వదులు చేసి పెట్టుకుని, పిల్లాడి చెయ్యి తమ్ముడికిచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని మొహం నీళ్ళలో పెడతారు.

రేవు దగ్గర హారన్ మోగుతుంది. గుడి మెట్లు ఇంకా ఎక్కనేలేదు. రెండున్నర ట్రిప్పుకే వెళ్దామని అమ్మ సరంగుతో అంటున్న మాట నీళ్ళలోంచి మెత్తగా వినపడుతోంది.